తడిపిన వెదురు

ఉక్కగా ఉందా? ఉండదూ మరి, రేకుల కింద కూర్చుంటే చల్లగా ఎందుకుంటుంది. శ్లాబు ఎందుకు వేయించలేదు నానమ్మా అని మళ్లీ అడక్కు. ఉండేదిరా, ఈ గది మీదా ఉండేది. మా బావే పోశాడు. మా అక్క మొగుడు, మేస్త్రి. తడిమేస్త్రి అనేవాళ్లు ఆయన్ని, వెక్కిరింతకే అనుకో. ఇటుక నానందే గోడ లేపేవాడు కాదు. "ఎండిటుక సిమెంటు మాలులో నీళ్లన్నీ తాగేస్తుందే మరదలా, ఇక సిమెంటు దేన్ని పట్టుకుంటుంది?" అనేవాడు. నిజమే, ఆయన కట్టిన గోడ ఒక్కటీ బీటివ్వలేదు. ఏం చెప్తున్నానూ... ఆఁ, ఇనుము. అప్పట్లో ఇనుప చువ్వలు దొరికేవి కావు. వాటి బదులు వెదురు బద్దలు పరిచి శ్లాబు పోసేవాళ్లు. బద్దలకి తారు పూసి, ఇసుక చల్లి, ఆరాక పెట్టాలట. అది బావకి నచ్చలేదు. "తారు పూస్తే సిమెంటు జారిపోదూ? ఇటుకకో న్యాయం, వెదురుకో న్యాయమా?" అని బద్దలన్నీ తొట్టిలో నానబెట్టాడు. ఎవరు చెప్తే వింటాడు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అక్క వంటింటి మీద అలాగే పోశాడు, ఈ గది మీదా అలాగే. అక్కకి ఎంత మురిపెమో! "చుక్క కారదే, మా ఆయన చేతి పని" అని వచ్చిన ప్రతివాళ్లకీ తలెత్తి చూపించేది.

ఆ శ్లాబే పడిందిరా అక్క మీద. పట్టపగలు, పొయ్యి ముందు కూర్చునుంటే. గాలి లేదు, వాన లేదు. అక్కడికక్కడే పోయింది. బావ ఏడవలేదు. పెళ్లల్లోంచి ఒక బద్ద పట్టుకుని లాగాడు. చిక్కిపోయిన చేతినుంచి గాజు జారినట్టు వచ్చేసింది, నున్నగా, సిమెంటు మరకైనా లేకుండా. తర్వాత ఇంజినీరు వచ్చి చెప్పాడు, తడిసిన వెదురు ఉబ్బుతుందట, లోపల ఎండాక మళ్లీ సన్నబడి చుట్టూ ఖాళీ మిగులుతుందట. "అది సిమెంటుని ఏనాడో వదిలేసిందమ్మా, ఊరికే లోపల పడుంది" అన్నాడు. బావ ఆ బద్దని నిమురుకుంటూ విన్నాడు. ఆయన్ని చూస్తే ఒళ్లు మండిపోయింది నాకు. చాలా రోజులు మాట్లాడలేదు.

ఒకరోజు పెద్ద సుత్తి పట్టుకుని వచ్చాడు. "మరదలా, పిల్లల్ని తీసుకుని బయటికెళ్లు, ఈ కప్పు కొట్టేస్తాను" అన్నాడు. వెళ్లాను. శ్లాబు ఎలా కొడతారో తెలుసా నీకు? పైకెక్కి, అంచునుంచి కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ వస్తారు. తట్టలు మోసేవాళ్లకి కూడా తెలుసు ఆ సంగతి. నిచ్చెన గోడకి వేసే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. కిందనుంచి పైకి కొట్టాడురా. ఇదిగో, నువ్వు కూర్చున్నావే, సరిగ్గా అక్కడే దొరికాడు.

...లేవక్కర్లేదులే, కూర్చో. ఆ విసనకర్ర ఇలా ఇవ్వు, చెమటలు పట్టేశాయి నీకు.