నీళ్ళు పోసే మనిషి లేని పటం

“అమ్మమ్మా, మన దేవుళ్ళందరు అటు గూట్ల ఉన్నరు. గీ పెద్ద పటం ఒక్కటి హాల్ల ఎందుకుంది? గీయన ఏసుప్రభువే కదా?” అని అడిగిన.

ఆయనే బిడ్డా. ముట్టుకోకు, మెల్లగ. మెట్రో పోయినప్పుడల్లా జర కదులుతది, మేకు వదులైందో ఏమో, మీ నాయినకు చెప్పాలె. ఏమడిగినవ్? ఆ, పటం. ఇది మనది కాదు, శాంతమ్మ టీచరమ్మది. అంటే ఇప్పుడు మనదేలే, ఇచ్చిపోయింది గద. ఈ అమీర్‌పేటలనే, గిప్పుడు ఆడపిల్లల హాస్టల్ ఉన్న గల్లీ లేదా, గాడ ఆమె ఇంట్ల కిరాయికుంటుంటిమి. వాళ్ళది గుంటూరు దిక్కు. “ఏంటి లచ్చమ్మగారూ” అనేది. నన్ను గారు అన్నోళ్ళు ఆమెకు ముందు లేరు, ఎన్క సుత లేరు. మీ తాత ఎక్కిరిచ్చేటోడు, “లచ్చమ్మగారూ, జర చాయ్ దొరుకుతదా” అని.

పటం టీచరమ్మ వాళ్ళ నాయిన ఏసిండట. నేను మొదటిసారి సూసి పెళ్ళనుకున్న. నవ్వకు! నువ్వే సూడు. ఒకాయన నడుముకు తువ్వాల సుట్టుకొని, మోకాళ్ళ మీద కూసోని ఇంకొకాయన కాళ్ళు కడుగుతుండు. ముంగట తాంబాళం. సుట్టు మంది. మనకాడ కాళ్ళు కడుగుడంటే ఏంది, ఆడపిల్ల తండ్రి అల్లుని కాళ్ళు కడుగుడే కదా? “పెళ్ళికూతురును ఇంక తేలేదా అమ్మా?” అని అడిగిన. టీచరమ్మ చాయ్ తాగుతుండె, పొలమారింది పాపం.

గా కూసున్నాయనకేమో తెల్లగడ్డం. రెండో సంబంధమేమో అనుకున్న. చెయ్యి అడ్డం పెట్టి మొఖం పక్కకు తిప్పిండు సూడు. “అల్లుడు అలిగిండు, స్కూటర్ అడుగుతుండు” అన్న.

“పెళ్ళి కాదండీ. ఆ కడిగేవాడే అందరికీ గురువు. వీళ్ళంతా ఆయన శిష్యులు” అన్నది.

గురువు శిష్యుల కాళ్ళు కడుగుడేంది, నాకు ఎక్కలే. ముసలాయన అలిగిండు అన్నది మాత్రం నేను ఇడువలే. గురువు మీద అలిగిండనుకున్న.

గని ఎంత మంచిగేసిండు! ఆ మడిమెల పగుళ్ళు సూడు, ఎండల నడిచొచ్చిన కాళ్ళు. తాంబాళంల నీళ్ళు మసకగున్నయా? నేను పటానికే మురికి పట్టిందని తడిబట్ట తీస్కపోయి తుడుస్తుంటే టీచరమ్మ మొత్తుకున్నది. “అది మా నాన్న వేసిన మురికండీ బాబూ!” అని. కాళ్ళ మన్ను నీళ్ళల్ల కలిసేది సుత ఏసిండు ఆ మనిషి. గట్ల సూసేటోళ్ళు ఎంతమందుంటరు చెప్పు.

ఎక్కడున్న? ఆ. మీ తాత పోయిండు. మీ అమ్మకు సంబంధం కుదిరింది. మీ చిన్నతాత, మీ తాత తమ్ముడు, పనులన్ని నెత్తినేసుకున్నడు, చెడ్డోడు కాదు. “వదినా, కాళ్ళు మేమిద్దరం ఆలుమగలం కడుగుతం. నువ్వు లోపల కూసో. ముంగట కూసుంటే నలుగురేమంటరు?” అన్నడు. కన్నది నేను, పెంచింది నేను. ఇచ్చేకాడ నేను లేకుంటెట్ల?

పోయి టీచరమ్మ హాల్ల కూసున్న. ఆమె చిక్కుడుకాయ ఒలుస్తుంది. నేను పటం దిక్కే సూస్తున్న. మనకాడ తండ్రి కడుగుతడు, పక్కన తల్లి చెంబుతోటి నీళ్ళు పోస్తది. జంట ఉండాలె. నాకు జంట లేదనే కదా లోపల కూసోమన్నది? పటంల సూస్తే, ఆయన పక్కన నీళ్ళు పోసే మనిషి లేదు! ఇన్నేండ్లు సూసిన, గది సూడలే.

“టీచరమ్మా, ఈయనకు పెండ్లాం లేదా?”

“లేదండీ.”

“ఒక్కడే కడిగిండా?”

“తనే పోసుకున్నాడు, తనే కడిగాడు, తనే తుడిచాడు” అన్నది. అని, చిక్కుడుకాయ చేతిల పట్టుకొని నా మొఖం సూసింది. నేనేమడుగుతున్ననో అప్పుడెక్కింది ఆమెకు.

మీ చిన్నతాతను తోల్కపోయి పటం సూపెట్టిన. “వాళ్ళ దేవుడు వేరు వదినా” అన్నడు. “దేవుడు వేరే గని కాళ్ళు గవ్వే కదా” అన్న. తల గోక్కుంట పోయి పంతులుకు చెప్పిండు. పంతులు గొణిగిండు గని చేపిచ్చిండు.

పంజాగుట్టల చిన్న ఫంక్షన్ హాల్. మల్లెపూలు మూర రూపాయికిచ్చేటోళ్ళు గప్పుడు, హాలంత గమగమ. నేనొక్కదాన్నే కూసున్న. ఎడమ చేతిల చెంబు, కుడిచెయ్యి మీ నాయిన కాలు మీద పెట్టిన్నో లేదో, ఎన్కకు గుంజుకున్నడు! “వద్దత్తమ్మా, మీరు నా కాళ్ళు పట్టుకునుడేంది” అని చెయ్యి అడ్డం పెట్టి, మొఖం పక్కకు తిప్పిండు. తలెత్తి సూసిన. అగో, పటంల ముసలాయన! గదే చెయ్యి, గదే మొఖం. అలుగుడు కాదు బిడ్డా అది. సిగ్గు. పెద్దోళ్ళు తన ముంగట వంగితే ఓర్సుకోలేని సిగ్గు. టీచరమ్మ నాయిన గంత మంచిగేసి పెడితే, నాకు మీ నాయిన కాళ్ళకాడ అర్థమైంది.

“పెట్టు నాయినా, నన్ను కడగనియ్యి” అన్న. పెట్టిండు.

టీచరమ్మ చెల్లె దగ్గరికి పోయేటప్పుడు పటం తెచ్చి ఇచ్చింది. “మీ దేవుడు మా ఇంట్లెందుకమ్మా” అన్న. “ఇది మీ అల్లుడి ఫొటో లచ్చమ్మగారూ, మీ దగ్గరే ఉండాలి” అన్నది.

నీ పెళ్ళిల మీ నాయిన కడుగుతడు, మీ అమ్మ పోస్తది. నాకు మాత్రం ముంగట కుర్చీ ఎయ్యాలె, చెప్తున్న. పిలగాని మొఖం సూడాలె నేను. కాళ్ళు ఎన్కకు గుంజుకున్నడా, ఇగ నాకు ఫికర్ లేదు. గుంజుకోలేదనుకో, స్కూటర్ అడుగుతడు సూడు వాడు…

సల్లగుండు బిడ్డా. అగో, మళ్ళ కదిలింది. మీ నాయినొచ్చిండా? మేకు…