ఇల్లందు నుంచి కర్మన్‌ఘాట్ దాకా అంతయ్య సొరంగం

చక్రపాణి మేష్టారికి లెక్క తప్పితే అన్నం సయించదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. అలాంటాయన ఆ రోజు మన్సూరాబాద్‌లో అంతయ్య ఇంటి అరుగు మీద కూర్చుని, మూడు కాగితాలు చించేసి, నాలుగోది ఒళ్లో పెట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు, కోచింగుల్లేవు, బొగ్గు రాక కరెంటూ అంతంతమాత్రమే. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం నడిపే మహిపాల్ పొద్దున్నే వచ్చి, "సార్, రేపు శిబిరంల మా నాయినకు సన్మానం. బొగ్గుబాయి కార్మికుడాయె. మీ రాత మంచిగుంటది, సన్మాన పత్రం మీరే రాయాలె," అన్నాడు.

గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న చక్రపాణికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. ఈ మధ్య పాలప్యాకెట్టుకి వెళ్లినా చూపులు అదోలా ఉంటున్నాయి మరి. అంతలోనే భయమూ పట్టుకుంది. పత్రంలో ఒక్క అబద్ధం దొర్లి, అది చౌరస్తాలో మైకులో చదివితే, ఆంధ్రా సారు మన పెద్దమనిషిని ఎగతాళి చేశాడంటారు. ఇక ఈ కాలనీలో తలెత్తుకోవడం కష్టం. అందుకని నిజం కావాలి, అచ్చంగా నిజమే కావాలి. అడగడానికి దొరికింది మాత్రం మహిపాల్ తండ్రి అంతయ్య.

"రాస్కో సారూ. ఇల్లందు బాయిల మంది షిఫ్టుకు రెండు టబ్బులు బొగ్గు నింపేటోళ్లు. నేను మూడు నింపేటోన్ని. గంతే. ఎక్కువ చెప్పుడు నాకు చేతకాదు."

చక్రపాణి 'మూడు' అని రాశాడు.

"మొన్న ఐదన్నవ్ గద మామా?" అన్నాడు జానయ్య. పక్కింటి ఆటో డ్రైవరు, సమ్మె పుణ్యమా అని ఖాళీగా ఉన్నాడు.

"ఐదు ఎండకాలంల. వానకాలంల ఏడు. మూడంటే పండుగ దినాలల్ల. ఇంకో ముచ్చట రాస్కో. మూడింటికి షిఫ్టు దిగి, సైకిలెక్కి, నకిరేకల్ కాడ మా ఊరికొచ్చి, పొద్దుగూకక ముందే రెండెకరాలు దున్నేటోన్ని."

"ఇల్లందుకీ మీ ఊరికీ ఎంత దూరమండీ?"

"నూట ముప్పై కిలోమీటర్లుంటది."

చక్రపాణి కలం ఆగింది. మూడింటికి దిగి, ఆరింటికి పొద్దుగూకితే... మధ్యలో రెండెకరాలు... కాగితం అంచున గుణించి చూశాడు. మళ్లీ గుణించాడు. "అంతయ్యగారూ, ఈ సైకిలు వేగం..."

"అప్పట్ల రోడ్లు ఖాళీగుండె సారూ."

అదీ నిజమే కదా అనిపించింది ఒక్క క్షణం. అంతయ్య చెప్పే తీరు అలాంటిది. మొహంలో ఎక్కడా నవ్వుండదు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఒకనాడు బాయి పైకప్పు కూలింది. లోపల నలభై మందిమి. నేను నెత్తి ఆనిచ్చి ఆపిన. మూడు దినాలు!"

"మరి భోజనం?"

"మా ఇంటిది అండాలు సద్ది పంపింది. నెత్తి కదలకుంట తిన్న. అందర్ని బయటికి పంపినంక చూస్తే దారి మూసుకపోయింది. ఏం జెయ్యాలె? ఇంటిదిక్కు తవ్వుకుంట పోయిన. పల్లిచేనుల అండాలు కలుపు తీస్తుంటే ఆమె కాళ్లకాడ్నే తేలాలని నా లెక్క. చీకట్ల జర అందాజ తప్పింది. నెత్తిమీద గుడిగంట ఇనబడ్డది. చెవొగ్గి ఇంటే కర్మన్‌ఘాట్ హనుమాండ్ల గుడి! అరె, ఊరు దాటి పట్నమొచ్చిన అని మళ్ల ఎనక్కి తవ్విన."

జానయ్య అరుగు మీద పడి పడి నవ్వాడు. చక్రపాణికి నవ్వు రాలేదు. "ఉండండి ఉండండి. బడంగ్‌పేట్ ప్లాట్లో మేం ఆరొందల అడుగులు బోరు వేయించాం. చుక్క నీళ్లు పడలేదు..."

"ఎట్ల పడ్తయి సారూ? కింద నా సొరంగమాయె!"

చక్రపాణి అవునన్నట్టు తలూపి, ఊపినందుకు తనమీద తనకే చిరాకేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఏది రాయాలి? ఏది వదిలెయ్యాలి? అసలీయన బాయి మొహం చూశాడా? "అయ్యా, మీకు దణ్ణం పెడతాను. రుజువున్న మాట ఒక్కటి చెప్పండి."

"రుజువా? బొగ్గు పనిజేసినోని చేతికి దెబ్బ తాకితే, అండ్ల పొడి కూరుకపోయి నల్ల గీత పడ్తది. కాటిదాక పోదు. గంతకన్న సర్టిఫికెట్ ఏం గావాలె?"

చక్రపాణి ఆశగా ఆయన చేతుల వైపు చూశాడు. నాగలి పట్టి కాయలు కాసిన చేతులు. నల్ల గీత ఒక్కటి లేదు. అప్పుడే ఆయన భార్య అండాలమ్మ చాయ్ గ్లాసు అందించింది. ఆమె వేళ్ల నిండా, మణికట్టు దాకా, నల్లటి గీతలు.

చక్రపాణి గ్లాసు అందుకోవడం మరిచిపోయాడు.

"చాయ్ పట్టుకో సారూ," అంది అండాలమ్మ. "మా నాయిన బాయిల సచ్చిపోతే ఆ నౌకరి ఈయనకిచ్చిన్రు. ఒక్క పూట దిగిండు. సలిజరమొచ్చి ఊరికి ఉరికొచ్చిండు. ఇగ నేనే పోయిన. లోపలికి గాదు, బాయి మీదనే, బొగ్గుల రాళ్లేరే పని. అప్పటికే బాయిల పనిజేసే మా అన్న ఇంట్ల ఉండి పదకొండేండ్లు చేసిన. నెలకోపారి ఊరికొచ్చేదాన్ని."

జానయ్య నవ్వు ఆగిపోయింది. అంతయ్య తువ్వాల సర్దుకున్నాడు.

"పెండ్లాం బాయికి పోతే మొగోడు పిల్లలకు జడలేస్తుండని ఊరంత నవ్వేది," అన్నాడు చివరికి. "ఆమె వచ్చినప్పుడల్ల బాయి ముచ్చట్లు చెప్పేది. చెప్పి చెప్పి పండుకునేది. పట్నమొచ్చినంక నేనే చేసినట్టు చెప్పుకుంట తిరిగిన. మహిపాల్ అటెన్క పుట్టినోడు, వాడు గూడ నిజమనుకున్నడు. సిగ్గైతుండె సారూ."

చక్రపాణి మెల్లగా కాగితం మీది పేరు కొట్టేశాడు.

"అండాలమ్మ అని రాయి. పదకొండేండ్లు అని రాయి. శాలువ నేనే కప్పుత, మహిపాల్‌కు చెప్త," అన్నాడు అంతయ్య.

"నాకెందుకు శాలువ, ఎండకు ఉక్కపోస్తది," అంది అండాలమ్మ. అంటూనే కళ్లు ఒత్తుకుంది.

చక్రపాణి ఈసారి తడుముకోకుండా రాశాడు. రాసి, లేవబోతూ, ఉండబట్టలేక అడిగాడు: "మరి సొరంగం కూడా అబద్ధమే కదండీ?"

అంతయ్య భార్య చేతుల వైపు చూశాడు.

"అది నిజమే సారూ. కాకపోతే బాయి నుంచి తవ్వలె. పల్లిచేను కాడ్నుంచి అటు తవ్విన. పిల్లలు పండుకున్నంక, దినాం తవ్విన."

ఎంత దూరమని చక్రపాణి అడగలేదు.