వెనక సీట్లో ఇసుక మూటలు

"నాలుగు దిండు గలీబులు పట్టుకెళ్ళి రెండే తెచ్చారు. మిగతావేవి?"

సొంతంగా కట్టుకున్న ఆ పైకప్పు లేని చిన్న విమానాన్ని షెడ్డులో పెట్టి వచ్చిన భర్త, సింకు దగ్గర చేతులు కడుగుతూనే ఉన్నాడు.

"గోరంత గలీబులకి కొండంత రాద్ధాంతమా? కొత్తవి కొంటాలే."

"వాటిలో ఇసుక నింపి వెనక సీట్లో కడతానన్నారుగా, మన పాప అంత బరువు."

"కట్టాను. ఆదివారం పాపని ఎక్కించేముందు, ఆ బరువుతో ఎలా ఎగురుతుందో చూసుకోవద్దూ?"

"ఎలా ఎగిరింది?"

అతను కుళాయి కట్టలేదు.

"తోక బరువెక్కింది. ముక్కు పైకి లేచిపోయింది. పిడిని ఎంత ముందుకి నెట్టినా దిగలేదు."

"మరి ఎలా దింపారు?"

"చెయ్యి వెనక్కి పెట్టి, తాడు లాగేసి, రెండు మూటలు బయటికి తోసేశాను. కింద అంతా బీడే, ఎవరూ లేరు."

కుళాయి ఆమే కట్టేసింది.

"మూటలు కాబట్టి తోశారు."

అతను తువ్వాలు అందుకున్నాడు గాని చేతులు తుడుచుకోలేదు.

భోజనాల దగ్గర కూతురు అడిగింది.

"నాన్నా, ఆదివారం పైన చలేస్తుందా? స్వెట్టర్ తెచ్చుకోనా?"

అతను కంచంలోంచి తల ఎత్తలేదు.

"వెనక సీటు పీకేస్తున్నానమ్మా. ఇకనుంచి నేనొక్కణ్ణే ఎగురుతాను."

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"నా పక్కన," అంది తల్లి, కూతురికి వడ్డిస్తూ. "నేలమీద. మీ నాన్న దిగేదాకా ఇద్దరం పైకి చూస్తూ కూర్చుందాం."