పుర్రచేతి వైడ్లు

అన్నలారా, అక్కలారా! ఈ ఎడారి దేశంలో కూలికొచ్చిన మనకు శుక్రవారం ఒక్కరోజు సెలవు. అది కూడా మానుకుని సూర్ నుంచి, అల్ ఖువైర్ నుంచి ఇబ్రా దాకా వచ్చారు. మన ఇస్తారి పోయాడన్న మాట నా నోటికి ఇంకా రావడం లేదు. ఏడుద్దామనే లేచాను. కానీ నిన్న కంపెనీ మేనేజరు అన్న మాట విన్నాక ఏడుపు పోయి కోపం మిగిలింది. కోపంగానే మాట్లాడతాను. మన్నించమని అడగను.

నేను పెంచలయ్యను, మన క్రికెట్ టీము కీపర్ని. ఇస్తారి బౌలింగుకు వికెట్ల వెనక నిలబడే ఖర్మ నాదే. మన గ్రౌండుకు ఎడమచేతి బౌలర్లు ఎంతమంది రాలేదు! వాళ్లందరిలో, ఆడిన అన్నేళ్లలో ఎక్కువ వైడ్లు వేసిన రికార్డు ఎవరిది? మా ఇస్తారిది! బంతి కోసం తిట్టుకుంటూ ఎండిపోయిన వాదీ వాగులో, ముళ్లకంపల్లో నేను ఉరికేవాణ్ణి. "పుర్రచేతి ఇస్తారి" అని మీరంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

ఎందుకు వేసేవాడో తెలుసా? 2006లో, మనం గ్రౌండు బాగుచేసుకున్న ఏడాది, ఆయన బంతి తగిలి ఫజల్ అనే వడ్రంగికి వేలు విరిగింది. వేలు అతుక్కునేదాకా ఇస్తారి రోజూ డ్యూటీ దిగి ఫజల్ రూముకు వెళ్లి వండిపెట్టాడు, బట్టలు ఉతికాడు. ఆ తర్వాత ఎవరి చేతి మీదికి బంతి పోతుందనిపించినా పక్కకు వదిలేసేవాడు. పోయినేడు ఫైనల్ చివరి ఓవర్లో కూడా వదిలాడు. ఓడిపోయాం. నేను మీద పడి తిడితే ఏమన్నాడు? "పరుగు పోతె పోనియ్యన్నా. చెయ్యి పోతె డ్యూటీ ఎట్ల జేస్తడు?"

విన్నారా? పరాయివాడి వేలి కోసం కప్పు వదులుకున్న మనిషి!

అలాంటివాడి చేతిని కంపెనీ ఎలా చూసింది? రాడ్లు కోసే మిషన్ ఆపే స్విచ్ కుడిచేతివాళ్లకు అందేలా పెట్టారు. పుర్రచేతివాడు నొక్కాలంటే తిరుగుతున్న బ్లేడు మీదుగా చెయ్యి చాపాలి. స్విచ్ ఎడమవైపుకు మార్చమని ఇస్తారి నా ముందే ఫోర్మన్‌ని అడిగాడు. మళ్లీ అడిగాడు. కుడిచేత్తో పని నేర్చుకోమని ఫోర్మన్ నవ్వాడు. సోమవారం రాడ్డు ఇరుక్కుంది. మిషన్ ఆపాలని చెయ్యి చాపాడు. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. తప్పెవరిది?

"తప్పు అతని ఎడమచేతిదే" అంటాడు మేనేజరు! ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఇస్తారి భార్య దేవవ్వ ఊరినుంచి ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "మా ఆయినెదే తప్పంటున్నరట, నిజమేనా అన్నా?" ఏం చెప్పమంటారు నన్ను?

రేపు ఆ మిషన్ మీద ఎవరికి డ్యూటీ వేశారో తెలుసా? అదిగో, వెనక వరసలో కూర్చున్న ఆంజికి. ఆంజిది కూడా పుర్రచెయ్యే! స్విచ్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

అందరూ లేవండి. చేతులు కట్టుకోవద్దు, జోడించవద్దు. అంపైర్ వైడ్ ఇచ్చినట్టు రెండు చేతులూ బార్లా చాచండి. మేనేజరు మాట వైడ్. దేవవ్వకు మన జవాబు ఇదే. స్విచ్ మార్చేదాకా రేపు ఆ మిషన్ ముందు ఇలాగే నిలబడదాం, ఆంజిని దాని దగ్గరికి పోనివ్వొద్దు. ఇప్పుడు ఇస్తారి కోసం, మాటా పలుకూ లేకుండా నిలబడదాం.

చేతులు నొప్పి పుడతాయి. పుట్టనివ్వండి. దించకండి.