మొదటి కప్పులో ఆడిన జట్లెన్ని?

దమ్యాత్ పట్టణ పోలీసు స్టేషన్. 2006 ఫిబ్రవరి 2, గురువారం, ఉదయం 11.20.

నా పేరు ఇన్షిరాహ్. తండ్రి పేరు అబ్దుల్ మక్సూద్. వయసు యాభై మూడు. సోఫాలకు గుడ్డ తొడుగులు కుడతాను. చదవడం వచ్చు, కాకపోతే మెల్లగా చదువుతాను. వివాహితా, విడాకులైన స్త్రీయా అనే గడిని ఖాళీగా వదలమని అడిగాను. అలా కుదరదని ఆఫీసరు గారు అన్నారు. నాకే తెలియనిది మీకెలా చెప్పను అన్నాను. సరే, చివర్లో నింపుదాం అన్నారు.

నిన్న, బుధవారం ఉదయం పదింబావుకు, పట్టణ గ్రంథాలయంలో 1957 ఫిబ్రవరి నాటి పత్రికల సంపుటంలోంచి ఒక పేజీ తీసింది నేనే. ఎవరూ చెప్పి చేయించలేదు. జుహ్దీకి ఈ సంగతి తెలియదు. జుహ్దీ అంటే నా భర్త, లేదా మొన్నటిదాకా నా భర్త. వడ్రంగి, అరవై ఏళ్ళు. మా పెళ్ళయి ముప్పై రెండేళ్ళయింది.

ఆఫ్రికా దేశాల ఫుట్‌బాల్ కప్పు ఈ ఏడు మన దేశంలోనే జరుగుతోంది కాబట్టి మా సందులో ఇంకో మాట లేదు. జనవరి 24, మంగళవారం మొరాకోతో మన ఆట. మా కిటికీ కిందే టీ కొట్టు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఆకుపచ్చ తొడుగు కుడుతున్నాను. సగం ఆట అయ్యేసరికి ఎవరూ గోల్ కొట్టలేదు. ఒక్క గోల్ పడి ఉంటే దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. పడలేదు కాబట్టి పాత గొప్పలు తీశారు.

పాలిష్ పని చేసే మెఖైమర్ అన్నాడు: "మొట్టమొదటి కప్పు మనదే, ఒప్పుకుంటా. కానీ ఆడినవి మూడే జట్లు. ముగ్గురిలో మొదటివాడు కావడం కూడా ఓ గొప్పేనా?"

జుహ్దీ ఊరుకోలేదు. "మూడు కాదోయ్, నాలుగు. ఖార్తూమ్‌లో జరిగింది. మా నాన్న దుకాణంలో రేడియోకి చెవి ఆనించి విన్నా. అప్పుడు నాకు పదకొండేళ్ళు."

"నువ్వు విన్నది నాలుగు గోల్స్ అన్నా! ఫైనల్లో ఇథియోపియా మీద నాలుగు, నాలుగూ ఒక్కడే కొట్టాడు. గోల్స్‌నీ జట్లనీ కలిపేసి బుర్రలో పెట్టుకున్నావ్."

అందరూ నవ్వారు. జుహ్దీ అన్నీ పడతాడు, నవ్వితే మాత్రం పడడు.

"పందెం కాస్తావా? ఓడినవాడు కొట్లో ఉన్నవాళ్ళందరికీ టీ పోయించాలి" అన్నాడు మెఖైమర్.

మా ఊరి మగవాళ్ళ చెయ్యి ఎంత గట్టిదో మీకు తెలుసు, మీరూ ఇక్కడివారే. టీ అంటే ఖర్చు. అందుకని ఖర్చు లేనిది కాశాడు. "నాలుగు కాకపోతే నా పెళ్ళానికి తలాక్! ఒకసారి కాదు, మూడుసార్లు!" అన్నాడు. నా చేతిలో సూది అలాగే ఉండిపోయింది. కింద నవ్వులు ఆగిపోయాయి. తర్వాత రెండో సగం మొదలైంది, మళ్ళీ అందరూ ఆట చూశారు. చివరికి ఆ ఆటలోనూ ఎవరూ గెలవలేదు.

ఆట అవగానే జుహ్దీ మెట్లెక్కి వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. నన్నెప్పుడూ మా అబ్బాయి పేరుతోనే పిలుస్తాడు.

"నబీల్ తల్లీ, చిన్న చిక్కొచ్చింది."

"కిటికీ తెరిచే ఉంది. విన్నాను."

"నాలుగే. నువ్వేం భయపడకు."

"నాలుగే అయితే లోపలికి రా మరి."

రాలేదు. మర్నాడు మసీదు ఇమామ్ గారిని అడిగాడు. "ముందు నిజమేదో తేల్చుకుని నా దగ్గరకు రా. అప్పటిదాకా దూరంగా ఉండు" అన్నారట. జుహ్దీ తన దుకాణంలో, సగం చేసిన సోఫా మీద పడుకుంటున్నాడు. మధ్యాహ్నం రెండింటికి నేను మూడో మెట్టు మీద పళ్ళెం పెట్టి తలుపు వేసుకుంటాను. తిన్నాక పళ్ళెం అక్కడే వదిలి వెళతాడు. ఆదివారం ఉప్పు కావాలని తలుపు తట్టాడు. తలగుడ్డ కట్టుకుని తలుపు తీశాను. ముప్పై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి ముందు, పరాయి మగవాడి ముందులా, తలగుడ్డ కట్టుకున్నాను. ఆయన తల దించుకుని ఉప్పు తీసుకున్నాడు. ఈ సంగతి కేసుకు అవసరం లేదని ఆఫీసరు గారు అన్నారు. రాయమని నేను అడిగాను.

టీవీలో ఒకాయన మూడు అన్నాడు. ఇంకో ఛానల్లో ఇంకొకాయన నాలుగు అన్నాడు. గురువారం మధ్యాహ్నం అందరూ కలిసి గ్రంథాలయానికి వెళ్ళి పాత పత్రిక చూద్దామని టీ కొట్లో తీర్మానించారు. ఈలోపు పందెం మీద పందెం మొదలైంది. జుహ్దీ కాపురం ఉంటుందా, పోతుందా అని. పోతుందని కాసిన మొదటివాడు పొగాకు కొట్టువాడు. నాకు రోజూ సలాం చెప్పే మనిషి.

వాళ్ళకంటే ముందు నేనే చూడాలనుకున్నాను. మంగళవారం, జనవరి 31న, ఉదయం పది గంటలకు గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి మదామ్ సుహేర్ సంపుటం తెచ్చి ఇచ్చారు. పోటీకి ముందు వచ్చిన ఒక పేజీలో నాలుగు పేర్లున్నాయి. సూడాన్, మనం, ఇథియోపియా, దక్షిణాఫ్రికా. వేలు పెట్టి నాలుగుసార్లు లెక్కపెట్టాను. ఏడుపొచ్చింది. అక్కడితో లేచి రావలసింది. పేజీలు తిప్పాను.

17వ తేదీ పేజీలో మూడు అని ఉంది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసిన జట్టును పంపనని దక్షిణాఫ్రికా పట్టుబట్టిందట, అందుకని ఆ దేశం ఆడలేదట. ఇథియోపియా ఒక్క ఆటా ఆడకుండానే ఫైనల్‌కి వచ్చిందట. అప్పటికి నాకు నాలుగేళ్ళు. ఎక్కడో తెల్లవాళ్ళు నల్లవాళ్ళ పక్కన నిలబడి ఆడబోమన్నందుకు, దమ్యాత్‌లో నా కాపురం పోవాలా? నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

ఆ రాత్రి నిద్ర లేదు. బుధవారం మళ్ళీ వెళ్ళాను. గుడ్డ కత్తిరించే కత్తెర తీసుకెళ్ళాను. నాలుగు పేర్ల పేజీని అలాగే ఉంచి, మూడు అని ఉన్న పేజీ కత్తిరించాను. మడిచి సంచిలో ఆకుకూర కింద పెట్టుకున్నాను. కత్తెర లోపల పెట్టడం మర్చిపోయాను, మదామ్ సుహేర్ చూశారు. ఆమె అరవలేదు. "ఇదేం పని అమ్మా?" అని మాత్రం అడిగారు. పోలీసులు ఈ రోజు ఇక్కడికి రమ్మన్నారు, వచ్చాను. పేజీ బల్ల మీద ఉంది. సందు అంతటికీ ఇప్పుడు మూడని తెలిసిపోయింది. నా భయమే అందరికీ చెప్పేసింది.

పది నిమిషాల క్రితం జుహ్దీ వచ్చాడు. ఈ గది గుమ్మం బయటే ఆగాడు. నేను లేచి నిలబడ్డాను. ఏం చేశారు నిన్ను, ఏమైనా తిన్నావా అని అడుగుతాడనుకున్నాను.

"నబీల్ తల్లీ, ఆ పేజీ ఎందుకు కోశావ్? నాలుగు పేర్లున్న పేజీ ఉందిగా, వాదించేవాణ్ణి! ఇప్పుడు నేను ఓడిపోయినట్టే కదా!"

ఆఫీసరు గారు కలం కింద పెట్టారు. మాట నెగ్గించుకోవడానికి వేసే ఇలాంటి ఒట్టుతో పెళ్ళి రద్దు కాదని, మన చట్టం డెబ్భై ఏళ్ళకు పైగా ఇదే చెబుతోందని అన్నారు. రెండోసారి చెప్పించుకున్నాను. తొమ్మిది రాత్రులు, ఎనిమిది పళ్ళేలు. టీ కొట్లో ఎవరైనా ఒక్క లాయరును అడిగి ఉంటే సరిపోయేది. వాళ్ళు ఖార్తూమ్ గురించి అడిగారు, నా గురించి ఎవరూ అడగలేదు.

"అయితే ఇంటికొచ్చేయొచ్చు!" అన్నాడు జుహ్దీ. ముఖం వెలిగిపోయింది.

రేపు కాంగోతో ఆట ఉంది. సగం ఆట అయ్యాక టీ కొట్లో లేచి నిలబడి, "ఆడింది మూడే జట్లు, నేనే ఓడిపోయాను" అని చెప్పాలి. నాకు వినపడేలా చెప్పాలి, కిటికీ తెరిచే ఉంటుంది. చెబితే తలుపు తీస్తాను, తలగుడ్డ లేకుండా తీస్తాను. లేకపోతే పళ్ళెం మూడో మెట్టు మీదే ఉంటుంది. ఈ మాటే ఆయనతో అన్నాను. ఆయన గోడకేసి చూశాడు. చెబుతాడో లేదో నాకు తెలియదు. లోపలికి వచ్చేటప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది.

ఆ ఖాళీ గడిలో వివాహిత అని రాయండి.

పేజీని తిరిగి సంపుటంలో కుట్టి ఇస్తాను, కుట్టు కనిపించదు. నా కత్తెర నాకు ఇప్పించండి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. "చింపాను" అని రాసిన చోట "కత్తిరించాను" అని దిద్దించాను, ఎందుకంటే నేను చింపలేదు, అంచు తిన్నగా కత్తిరించాను. మిగిలినది నేను చెప్పినట్టే ఉంది, చెప్పింది నిజం.

(సంతకం) ఇన్షిరాహ్ అబ్దుల్ మక్సూద్, వివాహిత