జత లేని తాళంచెవి

వీధి చివర తాళాలు చేసి అమ్మే ముసలాయన కన్నకొడుక్కి తానే ‘చిన్నదొర’ అని పేరు పెట్టాడు. ఈమధ్య ఆ పేరు తలచుకుంటేనే ఆయనకు ఒళ్లు మండుతోంది. సాయంత్రం పనినుంచి వచ్చిన చిన్నదొర తలుపులో తాళంచెవి తిప్పి తిప్పి విసిగిపోయేదాకా మెట్టు మీద కూర్చుని చూస్తూ ఊరుకున్నాడు.

“ఇది తిరగదేంటి నాన్నా?”

“తాళం మార్చాను, చిన్నదొరా.”

“ఎందుకు?”

“ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లని గోడకేసి కొట్టావు కాబట్టి.”

“కొట్టలేదు, తోశానంతే. ఎదురు మాట్లాడితే కోపం రాదా?”

“మొన్న మీ యజమాని నలుగురిలో నిన్ను గాడిదన్నాడు. కోపం వచ్చిందా?”

“ఆయన్నెలా కొడతాను?”

“అబ్బో, ఎంత బుద్ధిగల కోపమో! మనిషిని చూసుకుని మరీ వస్తుంది.”

“ఇది మా మొగుడూపెళ్లాల గొడవ. రెండో చెవి ఇలా ఇవ్వు.”

“రెండోది చెయ్యలేదు.”

“జత లేకుండా ఏనాడైనా తాళం అమ్మావా నువ్వు?”

“ఇది అమ్మలేదురా. ఉన్న ఒక్కటీ కోడలి దగ్గరుంది. ఆ పిల్ల తీస్తేనే నేనైనా లోపలికి వెళ్లేది.”

“రేపు మంచాన పడితే కొడుకంటూ ఒకడు కావాలిగా! అప్పుడు పిలువు, చెబుతా.”

“పిలవనులే. అప్పటికి నేనూ లేవలేనివాణ్ణేగా, నన్నూ తోస్తావు.”

కొడుకు విసవిసా మెట్లు దిగాడు.

“మామయ్యా, ఆయన వెళ్లారా?” లోపలినుంచి కోడలు అడిగింది.

కొడుకు వీధి మలుపు తిరిగేదాకా ముసలాయన అటే చూశాడు.

“వెళ్లాడమ్మా.”

ఆయనకున్నది ఆ ఒక్క కొడుకే.