కరి తెంపిన ఎద్దు ఏది

"తాతా, పరిగెత్తే ఎద్దును ఫోటోలో కదలకుండా నిలబెట్టేది ఎట్ల? నేను తీసినవన్నీ పొగ మాదిరి వస్తాండాయి. ఈసారి కారుణ్ణిమి ఎద్దుల పండక్కి నన్నే తీయమన్నారు."

ఎవురమన్నారు? ఊరోళ్ళేనా? ఏ ఎద్దు గెలిచిందో నీ ఫోటో చూసి చెప్తామన్నారా? ఊ... కూర్చో పాపా. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతాది. ఈడ మంచం మీద కూర్చో. మీ తాతకి చెప్పి వచ్చినావా? లేదా. మంచిపని. అంటే, మంచిది కాదులే, కానీ చెప్పింటే పంపించేవాడు కాదు. వానికి నేను సొంత బావను, లోపల పొయ్యి కాడ ఉండే మీ అవ్వ వాని తోడబుట్టింది, అయినా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేక నలభై ఏండ్లు దాటింది. ఆ అడిగిందేమి నువ్వు? ఆ, ఎద్దు.

ఎద్దును నిలబెట్టేది సులభమే. నువ్వు ఎద్దును చూస్తా ఉండావు, అదే తప్పు. చూసి నొక్కేలోపల అది పోయింటాది. ముందే నేల మీద ఒక గీత పెట్టుకోవల్ల, రాయో, పేడకడ్డో. దాని మీద లెన్సు సరిచేసుకోని, ఎద్దు ఆ గీతకి ఇంకా ఒక అడుగు ఉండంగనే నొక్కల్ల. స్పీడు అయిదు నూర్లు, అంటే సెకండును అయిదు నూర్ల ముక్కలు చేసి అందులో ఒక ముక్క. ఎండ బాగుండల్ల. సాయంత్రం కదా కరి హరిసేది, అదే ఎద్దులు ఉరికి తోరణం తెంపేది, ఎండ తగ్గింటాది, మోడం వచ్చిందంటే ఇంగ అయిపాయె, పొగే. నాకెవురు చెప్పిచ్చినారు ఇవన్నీ? ఎవురూ లేదు. బళ్ళారి బజారులో పెండ్లి ఫోటోలు తీసి తీసి, రీళ్ళు చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నా. రీలు అప్పుడు ముప్పై రూపాయలు. కాదు కాదు, ఇరవై ఎనిమిది. ఆ రెండు రూపాయలకి మీ అవ్వ మల్లెపూలు తెమ్మనేది.

ఏమే, మండక్కి ఒగ్గరణె చేస్తాండావా? పాపకి పెట్టే బొరుగుల్లో కారం తక్కువ వెయ్యి.

అప్పటి నా కెమెరా రష్యాది. నాకంటే ముందు ఇద్దరు వాడి పారేసింది. దాంట్లో ఒక అద్దం ఉంటాది పాపా. ఆ అద్దంలోనే మన కంటికి బొమ్మ కనపడేది. బటన్ నొక్కితే అద్దం టక్కున పైకి లేస్తాది, లేస్తేనే కదా బొమ్మ రీలు మీద పడేది. కొత్త కెమెరాల్లో వెంటనే దిగుతాది. నాది ముసలిది, మళ్ళీ రీలు తిప్పేదాకా దిగదు. అంతసేపూ కంటికి నలుపే. ఇది బాగా ఇను, ఇదే అసలు సంగతి. ఏ ముక్క రీలు మీద పడతాదో ఆ ముక్క తీసేవానికి కనపడదు. ఊరంతా చూస్తాది, వాడొక్కడే చూడడు. ఇది ఎవురికన్నా చెప్తే నమ్ముతారా? నాకే ఒక్కోసారి నమ్మకం కుదరదు.

మీ తాతకీ నాకీ చెడిన ఆ ఏడు మీ ఊర్లో, అగసె కాడ, అంటే ఊరి పెద్ద వాకిట్లో, ఈ పక్కనించి ఆ పక్కకి వేపాకు తోరణం కట్టినారు, కరి. తెల్లెద్దు తెంపితే హింగారు, ఎనక వానల పంట, ఎర్రెద్దు తెంపితే ముంగారు, తొలి వానల పంట బాగా వస్తాదని కదా మనోళ్ళ నమ్మకం. మీ తాత ఎర్రిస్వామిది ఎర్రెద్దు. అబ్బా, దాని మూపురం చూసింటే! కొమ్ములకి బాగానే రంగు పూసినాడు, పచ్చదో, నీలందో... ఫోటో నలుపు తెలుపు, రంగు నాకు గుర్తులేదు, సుమ్నే ఊరికే అంటాండా. తెల్లెద్దు ఊరిపెద్ద గౌడది. రెండూ కలిసి వచ్చినాయి. నేను కరికి కొంచెం ముందు గీత పెట్టుకోని, మోకాళ్ళ మీద కూర్చోని, నొక్కినా. నలుపు. కెమెరా ముఖం మీదనించి తీసేలోపల తోరణం నేల మీద పడుండాది, జనం కేకలు పెడతాండారు. సగం మంది తెల్లెద్దు అంటారు, సగం మంది ఎర్రెద్దు అంటారు. మీ తాత ఎద్దు పక్కనే పగ్గం పట్టుకోని పరిగెత్తినోడు, "నా చేతి మీద ఆకు రాలింది చూడు" అని చెయ్యి చాపి అందరికీ చూపిస్తాండాడు. ఆకు ఎవురి చేతి మీద రాలదు చెప్పు? తోరణం తెగినంక ఎవురి మీదన్నా రాలతాది. రాలదా? అయినా... ఊ.

గౌడ అన్నాడు, "కొట్లాట ఎందుకప్పా, మన బళ్ళారి అల్లుడు ఫోటో తీసినాడు కదా."

నేను బళ్ళారికి వచ్చి రీలు కడిగినా. వచ్చింది పాపా, వచ్చింది! నా జన్మలో అట్లాంటి ఫోటో తీయలా. రెండు ఎద్దులూ గాల్లో ఉండాయి, ఒక్క గిట్టా నేలకి తగల్లేదు, లేచిన మన్ను కూడా ఆగిపోయి ఉండాది. తెల్లెద్దు మూతి ఒక జానెడు ముందు. అయితే ఒక మూలకి తోరణం గూడా పడింది. తెగలేదు. ఇంకా నాలుగు బారల దూరంలో ఊగుతాండాది. దాని పక్కన ఎవురిదో మోచెయ్యి సగం. చూసేదానికి బాగలేదని, కాగితం కొంచెం జరిపి, ఆ మూల రాకుండా ప్రింటు వేసినా. మోసం చేయల్ల అని కాదు. ఫోటో బాగుండల్ల అని. లేదు, ఇంకో మాట గూడా ఉండాదేమో, తోరణం కనపడితే ఇది తెగకముందరిది కదా అని అడుగుతారని లోపల ఏమన్నా అనుకున్నానో ఏమో. గొత్తిల్ల, తెల్దు. ఎన్నిసార్లు అడిగి చూసుకున్నా నన్ను నేను.

మర్నాడు కట్ట మీద పెద్దోళ్ళందరి చేతుల్లో తిరిగింది ఆ ఫోటో. తెల్లెద్దు అన్నారు. అప్పుడు మీ తాత నా కాడికి వచ్చినాడు. ఫోటో చూడనే చూడలా. "బావా, కాగితం ఇడ్సిపెట్టు. నువ్వు ముందరనే ఉండావు కదా. నీ కంటితో చూసినావా? నువ్వు చూసినానంటే నేను ఒప్పుకుంటా" అన్నాడు.

చేతిలో కెమెరా, ముందర ఊరంతా. నేను చూడలేదప్పా అని ఎట్ల చెప్పేది? ఫోటో తీసినోడు చూడలేదంటే నవ్వరా?

"చూసినా" అన్నా.

రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి పోయినాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. పండగకి పిలుపు లేదు, పెండ్లికి పిలుపు లేదు. ఎవురో అన్నారంట, గౌడ కాడ నేను లెక్క తిన్నానని. ఒక్క పైసా తినలేదు పాపా. అది నిజం. కానీ మిగతాది...

ఇప్పుడు నీ కెమెరా సెకండుకి ఇరవై తీస్తాదంటావు. తీయనీ. ఆ ఇరవైకి మధ్యలో సందులు ఉండవా? ఆ సందులో తెగితే? తెల్లెద్దు జానెడు ముందు ఉండింది, నిజమే. నాలుగు బారల్లో ఎర్రెద్దు దాటలేదని ఎవురు చెప్పేది? దాటిందని ఎవురు చెప్పేది?

ఏమే. ఆడ ఎంతసేపుగా నిలబడుకోనుండావు? గిన్నె కింద పెట్టు, చెయ్యి కాలతాది.

"చూడలేదా నువ్వు?"

చూడలేదు.

"నా మొగుడు కండ్లతో చూసినాడు, అబద్ధం చెప్పడు అని మా అన్న మొగం మీద అరిసి వచ్చినా నేను. మా అమ్మ సచ్చిపోయిన పొద్దు గడప బయట కూర్చోని, బయటనించి బయటనే వచ్చినా."

తెలుసే.

"తెలుసా!"

తెలుసు అంటే... చూడు పాపా, గిన్నె నీ ముందర పెట్టి కొంగు దోపుకుంటాండాది. అరిసినా బాగుండు.

"పోయి మా అన్నకి చెప్పు."

ఏం చెప్పల్ల? ఎర్రెద్దు గెలిచిందని చెప్తే అది ఇంకో అబద్ధం. తెల్లెద్దు అని మళ్ళీ చెప్పేదానికి పోవల్లనా? ఎనభై ఏండ్లకి దగ్గరికి వచ్చినాడు వాడు, ఎద్దు లేదు, గౌడ లేడు, ఏం చెప్పేది నేను పోయి?

"తెల్దని చెప్పు."

తెల్దు అని చెప్పేదానికి మీ ఊరికి సిరుగుప్ప బస్సు ఎక్కి పోవల్లనా?

...పాపా, మీ అవ్వ లోపలికి పోయింది. పెట్టె తీస్తాండాది. ఆ చప్పుడు ట్రంకు పెట్టెదే, చీర మార్చుకుంటాదేమో. ఇప్పుడే అంటాదా ఏంది? బస్సు ఎన్నింటికి ఉండాది? వాడు గడప కాడనే ఆపితే? ఆపితే ఆడనే చెప్తాలే, గడప బయటే కూర్చోని. ఏమని మొదలుపెట్టల్ల? ఎర్రిసామీ, ఆ పొద్దు నాకంతా నలుపు... అట్ల చెప్తే అర్థమైతాదా వానికి? అద్దం సంగతి ముందు చెప్పల్లనా, తర్వాత చెప్పల్లనా?

నువ్వు తిను, తిను. సల్లారిపోతాది. నీ కండ్లు సల్లగుండనీ పాపా. తిని, నువ్వే ముందు నడువు. నేను వెనక వస్తా. నా చెప్పులు యాడ పెట్టినారో...